పుస్తక విక్రేత చూపిన జతలు



పుస్తకము మన చేతికి పలుదారుల వచ్చును. పాఠ్యపుస్తకమును ప్రభుత్వము పంపును. గ్రంథాలయ పుస్తకమును ఉపాధ్యాయుడు ఎన్నుకొనును. కథల పుస్తకమును స్నేహితుడు ఎరువిచ్చి, మరల అడుగ మరచును. అంగడిలోని పుస్తకమునకు మాత్రము ఒక మధ్యవర్తి యున్నాడు. అతడు అమ్ముటవలన బ్రదుకువాడు. అట్టివాడు ‘ఇది చదువుడు’ అని చెప్పినప్పుడు ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు నాకు సమాధానము దొరకిన విధమును, ఆ సమాధానముతో కూడ మన బడి బీరువాలోనికి వచ్చిన కొన్ని పుస్తకముల సంగతిని ఈ పాఠమున చెప్పెదను.

గత డిసెంబరు మాసమున హైదరాబాదు పుస్తక ప్రదర్శనమునకు బడి పక్షమున పోతిని. నా జేబులో ఒక పట్టీ యుండెను. పరీక్షలకు పనికివచ్చు పుస్తకములు, రెండు నిఘంటువులు, శాస్త్రజ్ఞుల జీవితములు, నీతికథలు అందులో నుండెను. పట్టీ నేను వ్రాసినదే. ఒక అంగడిలో తల నెరసిన యొకాయన పుస్తకముల కట్టమీద కూర్చుండి, కండ్లద్దములకు దారము కట్టుకొని, ఏదో చదువుకొనుచుండెను. నా పట్టీని తీసికొని పైనుండి క్రిందివరకు చూచి, ధర చెప్పుటకు మారుగా నన్నే ఒక ప్రశ్న యడిగెను.

“సారూ, మీ బడిల ఆడపిల్లలెంతమంది?”

సగమునకు పైగా నుందురని చెప్పితిని.

“మరి ఈ పట్టీల ఆడోళ్లు రాసిన పుస్తకమొక్కటి గూడ లేదేంది?”

ఈ మాట నాకు తగులుటకు కారణమున్నది. అంతకు ముందటి సంవత్సరము తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక నాయొద్దకు వచ్చి, ఆడువారు వ్రాసిన పుస్తకమేదైన మన బీరువాలో నున్నదా యని యడిగినది. నేను వెదకి వెదకి ఒక వంటల పుస్తకమును ఇచ్చితిని. దానిని వ్రాసినది స్త్రీయే. కనుక నేను అబద్ధమాడలేదు. ఆమె మరునాడే దానిని తెచ్చి బల్లపై పెట్టి, ఏమియు ననక పోయినది. పదవ తరగతికి ఆమె రాలేదు. తల్లిదండ్రులు పనికై పట్నము పోవుచు ఆమెను వెంట తీసికొనిపోయిరి. ఆ అంగడియెదుట నిలుచుండగా నాకు బల్లమీది వంటల పుస్తకము కనబడినది.

విక్రేత లేచి రెండు పుస్తకములు తీసి ఒకదానిపై నొకటి పెట్టెను. తరువాత మరి రెండు. ప్రతిసారియు ఒకటి కథ, రెండవది నిజముగా జరిగిన బ్రదుకు. ఒకదానిని విడిచి రెండవదానిని కొనిన సగము కొనినట్లేయని ఆయన వాదము. ఆ జతలను గూర్చియే నేను మీకు చెప్పదలచినది.

అంతకు ముందు ఒక మాట. స్త్రీవాదమను పదము విన్నంతనే కొందరు పెద్దలు కనుబొమలు ముడివేయుదురు. పురుషులను ద్వేషించుటయే దాని యర్థమని వారి తలంపు. అది సరికాదు. ఇంటిపని ఎవరిది, కూలిరేటు ఎవరికి తక్కువ, ఆస్తి ఎవరి పేర నుండును, బడి మానవలసి వచ్చినప్పుడు మొదట మానునది ఎవరు అను ప్రశ్నలను అడిగి, ఈ భేదములు సృష్టిలో నున్నవి కావు, మనుష్యులు చేసినవి, మనుష్యులే మార్చగలరు అని చెప్పు ఆలోచనయే స్త్రీవాదము. తెలుగులో ఈ పదము 1980 తరువాత విరివిగా వాడుకకు వచ్చినది. ఆలోచన మాత్రము అంతకంటె చాల పాతది.

ఎంత పాతదో ఆయన చూపిన ఒక జతయే చెప్పగలదు. మన కోదాడకు తూర్పున, కృష్ణాజిల్లాగా నుండిన నందిగామ ప్రాంతమున 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ బడికి పోయి చదివినది కాదు. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు. విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో నొకడుగా మీరు ఆయన పేరు వినియుందురు. తమ్ముని చదువు తోడుగా అక్క చదువు నేర్చినది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను పేర వెనుకటి స్త్రీల చరిత్రలను గ్రంథముగా వెలువరించినది. స్త్రీలకు బుద్ధి తక్కువయని, విద్య నేర్చినచో చెడిపోవుదురని చెప్పువారికి ఉదాహరణములతో ప్రత్యుత్తరమిచ్చుటయే దాని ఉద్దేశము. మరుసటి సంవత్సరమే ‘ధన త్రయోదశి’ యను కథ వ్రాసినది. పండుగనాడు బీద భర్త తీసికొని వచ్చిన పరుల సొమ్మును భార్య ముట్టక, మరల ఇప్పించుటయే ఆ కథ. తెలుగున తొలి కథకులలో ఆమె యొకతె. కథయు చరిత్రయు ఒకే చేతినుండి ఒక సంవత్సరము తేడాతో పుట్టినవి. ఆమె 1905లో ముప్పది యొకటి యేండ్లు నిండకుండ మరణించినది. విక్రేత జత చేయుట కనిపెట్టినవాడు కాడని, నూరేండ్లకు పూర్వమే ఆ జత యున్నదని నాకు తెలిసినది.

ఇక మన సూర్యాపేట పక్షపు జత. మల్లు స్వరాజ్యము 1931లో కరివిరాల కొత్తగూడెమున భూస్వాముల యింట పుట్టినది. బాల్యమున మక్సీము గోర్కీ వ్రాసిన ‘అమ్మ’ నవల ఆమె మనస్సును కదలించినదని ఆమె పలుమార్లు చెప్పెడిది. ఆ నవలను తెలుగు చేసినవారు క్రొవ్విడి లింగరాజు. ఎక్కడి రష్యా, ఎక్కడి తుంగతుర్తి! కర్మాగారములో పనిచేయు కుమారుని వెంట ఒక ముసలి తల్లి మెల్లమెల్లగా భయము విడుచుట ఆ నవలలోని విషయము. దానిని చదివిన బాలిక తన యింటి ధాన్యము తన యింట వెట్టిచేయువారికి చెందవలెనని తలచినది. సాయుధ పోరాటములో దళమును నడపినది. ఆమెను పట్టియిచ్చినవారికి పదివేల రూపాయల బహుమానము ప్రకటింపబడినది. తరువాత 1978లోను 1983లోను తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికైనది. ఆమె చెప్పిన జీవితకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వెలువడినది. 2022 మార్చిలో ఆమె కన్నుమూసినది. విక్రేత ఈ రెండు పుస్తకములను నా చేతిలో పెట్టి, “ఇది చదివి ఆమె ఇట్లయింది. మీ పిల్లలు రెండూ చదవాలె” అనెను. నవల చదువుట కాలహరణమని చెప్పు తల్లిదండ్రులకు చూపుటకు ఇంతకంటె దగ్గరి యుదాహరణము మన ప్రాంతమున నాకు కనబడలేదు.

అన్నిటికంటె నేను ఎక్కువ దినములు చదివిన పుస్తకము ‘మనకు తెలియని మన చరిత్ర’. హైదరాబాదులో 1978లో ఏర్పడిన స్త్రీ శక్తి సంఘటనవారు దీనిని 1986లో ప్రకటించిరి. తెలంగాణ సాయుధ పోరాటము 1946 నుండి 1951 వరకు జరిగినదని మీరు చదివియున్నారు. నాయకుల పేర్లు, గ్రామముల పేర్లు, తేదీలు మీకు కంఠస్థము. ఆ పోరాటములో అన్నము వండి అడవికి మోసినది ఎవరు? కబురులు చేరవేసినది ఎవరు? గాయములకు కట్లు కట్టినది ఎవరు? పోరాటము ముగిసిన పిదప వారు ఏమైరి? ఈ ప్రశ్నలను వ్రాసికొని ఆ సంఘటనవారు టేపు రికార్డరులతో ఊళ్లకు పోయి, అప్పటికి ముసలివారైన స్త్రీలయెదుట కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు వినిరి. ఆ మాటలే ఆ గ్రంథము. 1989లో అది ఆంగ్లమునను వచ్చినది.

అందులో చాకలి ఐలమ్మ యున్నది. పాలకుర్తిలో తన పంటను దొరకు పోనీయక నిలిచిన ఐలమ్మ పేరు నేడు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు పెట్టబడినది. ఆమె 1985 సెప్టెంబరులో మరణించినది. గ్రంథము వెలువడినది 1986లో. ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. విన్నవారు కొంచెము ఆలసించియుండినచో మనకు ఐలమ్మ విగ్రహము మిగిలియుండెడిది. ఆమె మాట మిగిలెడిది కాదు. అందులోనే కమలమ్మ యను స్త్రీ యున్నది. అడవిలో దాగియుండవలసిన దినములలో ఆమె తన పసిబిడ్డను పరుల చేతికి ఇచ్చివేయవలసి వచ్చినది. ఆ భాగమును నేను తరగతిలో చదివి వినిపింపబోయి, మధ్యలో ఆపి, మిగిలినది మీరే చదువుకొనుడని చెప్పితిని. అట్లు ఆపుట ఉపాధ్యాయునకు తగునో తగదో నాకు తెలియలేదు.

ఈ గ్రంథమును గొప్ప పుస్తకమని నేను చెప్పుటకు కారణము వీరస్త్రీలను పొగడుట కాదు. పొగడ్త అందులో తక్కువ. పోరాటము ముగిసినపుడు స్త్రీలను మరల ఇండ్లకు పంపిరని, తుపాకి పట్టిన చేతికి మరల గరిటె వచ్చినదని, తమతో సమానముగా నడచిన పురుషులే తమను ఏ సంగతిలోను అడుగలేదని వారు నొచ్చుకొని చెప్పుదురు. అదే సమయమున, ఆ దినములే తమ జీవితములో వెలుగుగల దినములని కూడ చెప్పుదురు. ఈ రెండును ఒకే నోట వచ్చును. పరీక్షలో ‘ఫలితములు’ అని వ్రాయుచోట ఈ రెండింటిని ఎట్లు ఇముడ్చవలెనో నాకును తెలియదు. అయినను వానిని తెలిసికొనని విద్యార్థి ఆ పోరాటమును సగమే చదివినాడు.

ఇక్కడ క్రైస్తవ విద్యార్థులకు ఒక సంగతి జ్ఞాపకము చేయుదును. ఆదివారమున తెల్లవారుజామున సమాధి ఖాళీగా నుండుట మొదట చూచినవారు స్త్రీలే. వారు వచ్చి చెప్పినప్పుడు అపొస్తలులు ఆ మాటలను వెఱ్ఱిమాటలుగా నెంచిరని లూకా వ్రాసియున్నాడు. స్త్రీ చెప్పిన సాక్ష్యమును పురుషుడు పోయి చూచి రూఢిచేయువరకు నమ్మకుండుట ఎంత పాత యలవాటో చూడుడు. అపొస్తలులను గూర్చిన ఈ సంగతిని లూకా దాచిపెట్టలేదు. అది నాకు నచ్చును.

మిగిలిన జతలను త్వరగా చెప్పెదను. ఓల్గా వ్రాసిన ‘విముక్త’ కథలలో సీత అరణ్యములో శూర్పణఖను, అహల్యను, రేణుకను కలిసికొని మాటలాడును. శూర్పణఖ అందమైన తోట పెంచుకొనుచున్నదను ఊహ ఒక్కటియే ఆ పుస్తకము ధరకు చాలును. దానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. విక్రేత దీనికి జతగా పెట్టినది కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’. ఆమె బాల్యములోనే వితంతువై, పునర్వివాహము చేసికొని, ఉద్యమములో అజ్ఞాతవాసము గడిపి, భర్త విడిచిపోయిన పిదప నడివయస్సున మరల పలక పట్టినట్లు చదువు ప్రారంభించి, కాకినాడలో బాలికల వసతి గృహమునకు పాలకురాలై జీవించినది. తొంబది యేండ్లు దాటిన తరువాత ఆ పుస్తకము 2012లో వచ్చినది. నూరేండ్లు నిండిన పిదప 2018లో ఆమె పోయినది. పరీక్ష తప్పినందున చదువు ముగిసినదని తలచు మీలో కొందరు దీనిని మొదట తీసికొనవలెను.

జి. కళ్యాణరావు వ్రాసిన ‘అంటరాని వసంతం’ 2000 సంవత్సరమున వచ్చిన నవల. రూతు అను స్త్రీ తన భర్తవైపు తరతరముల కథను జ్ఞాపకము చేసికొనుచు పోవును. కరవులు, వలసలు, పాటకారులు, మిషనరీలు అందులో వత్తురు. బాప్తిస్మము పొందిన తరువాతను కులము గుడిలోనికి వెంట వచ్చినదను కఠినమైన మాటయు వచ్చును. మన సంఘములవారు దీనిని చదివి నొచ్చుకొనవచ్చును. నొచ్చుకొని మరల చదువవలెను. దీనికి జత గోగు శ్యామల సంపాదకత్వమున వచ్చిన ‘నల్లపొద్దు’. 1921 నుండి 2002 వరకు దళిత స్త్రీలు వ్రాసిన వ్రాతలు అందులో నున్నవి. నవలలో పురుషుడు రూతు మనస్సులోనుండి వ్రాసెను. రెండవదానిలో రూతులు తామే వ్రాసిరి. భేదము ఎక్కడెక్కడ నున్నదో కనిపెట్టుట పదవ తరగతివారికి నేనిచ్చు అభ్యాసము.

కథతో పనిలేని యొక పుస్తకమును కూడ ఆయన ఇచ్చెను. 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’. స్త్రీల శరీరమును, ఆరోగ్యమును గూర్చి తెలుగులో తెలియునట్లు వ్రాసిన గ్రంథమది. బాలికలు ఎవరిని అడుగవలెనో తెలియక దాచుకొను ప్రశ్నలకు అందులో జవాబులున్నవి. దీనిని మన ఉపాధ్యాయినుల గదిలో పెట్టితిమి. తాళము వేయలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తును. అమ్మువాని మాట ఎట్లు నమ్మితిని? ఆయన తాను చదివినదానినే చెప్పెను. ఏ పుట తెరచినను అందులో నేమున్నదో చెప్పగలిగెను. అంతకంటె ముఖ్యమైనది, పుస్తకము యొక్క లోపమును దాచలేదు. ‘అంటరాని వసంతం’లో మొదట తరములు కలగాపులగమగును, పేర్లు కాగితముపై వ్రాసికొని చదువుడని చెప్పెను. నేను స్వయముగా తీసిన ఒక నవలను నా చేతినుండి తీసికొని, ఇది మీ పిల్లలకు ఇప్పుడు వద్దు, మీరు చదువుకొనుడని మరల అరలో పెట్టెను. అమ్ముడుపోవు పుస్తకమును వద్దనిన అంగడివాని మాటను తరువాత పది పుస్తకముల విషయమున నమ్మవచ్చును. రథములో కూర్చుండి గ్రంథము చదువుచున్న ఐతియొపీయుని ప్రక్కకు పరుగెత్తి, చదువునది తెలియుచున్నదా యని యడిగిన ఫిలిప్పు నాకు ఆ దినమున జ్ఞాపకమునకు వచ్చెను.

నమ్మిన తరువాతను మీ కండ్లు మీరు వాడవలెను. ముఖపత్రము వెనుక పుటలో మొదటి ముద్రణ సంవత్సరము చూడుడు. కథ జరిగిన కాలము వేరు, వ్రాసిన కాలము వేరు, మీ చేతిలోని ముద్రణ కాలము వేరు. జీవితకథ యైనచో చెప్పినవారు ఎవరు, వ్రాసినవారు ఎవరు అని చూడుడు. స్వరాజ్యము జీవితకథ ఆమె నోట చెప్పగా ఇతరులు అక్షరములలో పెట్టినది. కోటేశ్వరమ్మ కథ ఆమె వ్రాసినది. రెండును సత్యములే, కాని వినికిడి వేరు. చెప్పినదానిలో పాట యుండును, మాట తిరిగి తిరిగి వచ్చును. వ్రాసినదానిలో కొట్టివేతలు మనకు కనబడవు.

ఈ పుస్తకములు బడికి వచ్చిన వారములో సంఘపెద్ద యొకరు నన్ను పిలిచి, ఆడపిల్లలకు ఇట్టివి ఇచ్చిన ఇండ్లలో కలహములు పుట్టవా యని యడిగిరి. ఆయన మంచివారు, భయముతో అడిగిరే గాని కోపముతో కాదు. ఆయనకు నేను బెంగళూరు నాగరత్నమ్మ సంగతి చెప్పితిని. తంజావూరి కవయిత్రి ముద్దుపళని వ్రాసిన పాత కావ్యమును నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి వావిళ్లవారిచేత అచ్చువేయించినది. కొలది కాలమునకే ప్రభుత్వము దానిని నిషేధించినది. 1947 వరకు ఆ నిషేధము తొలగలేదు. ఆ కావ్యము విద్యార్థులకు తగినది కాదు, మన బీరువాలో నుండదు. కాని పురుషులు వ్రాసిన శృంగార కావ్యములు అదే కాలమున నిశ్చింతగా అమ్ముడుపోయినవి. కలహము పుస్తకములో నున్నదా, చూచువాని తూనికలో నున్నదా యని పెద్దగారిని అడిగితిని. ఆయన జవాబు చెప్పలేదు. వెళ్లునప్పుడు ‘నిర్జన వారధి’ని సంచిలో వేసికొని పోయిరి. ఇంకను తిరిగి ఈయలేదు. రెండవ ప్రతి కొనవలసి వచ్చినది.

ఆ రెండవ ప్రతియు బీరువాలో లేదు. వంటల పుస్తకము తిరిగి ఇచ్చిన బాలిక తమ్ముడు అవ్వయొద్ద నుండి మన బడిలోనే ఆరవ తరగతి చదువుచున్నాడు. సంక్రాంతికి అక్క వచ్చునని చెప్పగా అతని చేతికి ఇచ్చి పంపితిని. పుస్తకముల పద్దులో ఆమె పేరు వ్రాసి, తిరిగి ఇచ్చిన తేదీ గల గడిని ఖాళీగా విడిచితిని.

‘మనకు తెలియని మన చరిత్ర’ మాత్రము తిరుగుచున్నది. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె దానిని తీసికొనిపోయి, రాత్రివేళ తన అమ్మమ్మకు చదివి వినిపించినది. ఆ ముసలమ్మ నాగార్జునసాగరు ఎడమ కాల్వ రాకముందటి ఈ మెట్టభూములను ఎరిగినది. వినుచు వినుచు ఒకచోట ఆపి, ఆ దినములలో మన ఊళ్లలో ఉయ్యాల పాట అట్లు పాడలేదు, ఇట్లు పాడిరి అని సరిచేసినదట. మనుమరాలు ఆ సవరణను నోటుపుస్తకపు కాగితముపై వ్రాసి, ఆ పుటలోనే పెట్టి తెచ్చియిచ్చినది. నేను ఆ కాగితమును తీయలేదు. పుస్తకమును తరువాత ఎవరు తీసికొనిపోయినను అదియు వారి వెంట పోవుచున్నది. గడచిన మాసమున చూడగా, దాని క్రింద మరియొక చేతివ్రాతతో రెండు పంక్తులు చేరియున్నవి.